డ్రైవరు గారి కుక్క

ఆమెకు నలభై దాటి చాలా కాలమైంది కానీ వీధిలో అందరికీ ఇంకా తాళాలమ్మాయే. తండ్రి దుకాణంలో స్టూలెక్కి ఆకురాయి పట్టిన రోజుల్లో పడ్డ పేరది. తండ్రి పోయాడు, ఆమె తలలో తెల్లవెంట్రుకలు వచ్చాయి, పేరు మాత్రం ఎదగలేదు. దుకాణం కూడా ఎదగలేదు. నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. గోడల నిండా కొక్కేలు, కొక్కేలకు ఇంకా పళ్ళు కోయని తాళంచెవులు. బల్ల మీద తాళంచెవులు కోసే మిషను, దాని చుట్టూ ఎంత ఊడ్చినా పోని ఇత్తడి పొడి. దుకాణం వెనక మెట్లెక్కితే రెండు గదులు. అందులో ఆమె, ఆమె అక్క.

అక్క లెక్కల టీచరు. బావ పోయాక చెల్లెలి దగ్గరికి వచ్చేసింది. నోరు కాస్త కరుకు. ఇంట్లో కూడా ఎర్రసిరా పెన్ను చేతిలో ఉన్నట్టే మాట్లాడుతుంది. తాళాలమ్మాయి పెళ్ళి మాట ఒకప్పుడు తరచు వచ్చేది, వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం పడేది, చివరికి ఆ మాటే అలిసిపోయి రావడం మానేసింది. ఆ సంగతి ఆమెను పెద్దగా బాధించలేదు. చేతినిండా పని, మాట్లాడటానికి అక్క. ఇంకేం కావాలో ఎప్పుడూ ఆలోచించుకోలేదు.

ఒక చలికాలం పొద్దున్న ఫోను మోగింది. నాలుగు వీధుల అవతల ఒక పాత మేడ. పై అంతస్తులో తలుపుకు లోపలి నుంచి తాళం వేసి ఉంది, ఎవరూ పలకడం లేదు, తొందరగా రమ్మన్నారు. సంచి భుజాన వేసుకుని వెళ్ళేసరికి కింది వాటా ఆవిడ, ఒక పోలీసు తలుపు ముందు నిలబడి ఉన్నారు.

"లోపల డ్రైవరు గారున్నారమ్మా. ముప్పయ్యేళ్ళు బస్సు నడిపి రిటైరయ్యారు, ఒక్కరే ఉంటారు" అంది కింది వాటా ఆవిడ. "నిన్నటి నుంచి కుక్క ఒకటే మొరుగుడు. ఇందాకట్నుంచి అదీ మానేసింది. నాకెందుకో భయంగా ఉంది."

తాళాలమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుంది. తాళం పాతది, మొండిది. పని మొదలుపెట్టగానే తలుపు కింది సందులోంచి వెచ్చటి ఊపిరి ఆమె వేళ్ళకు తగిలింది. అవతల ఎవరో ముక్కు ఆనించి వింటున్నారు. ఎందుకో ఆమెకు పలకరించాలనిపించింది.

"ఉండమ్మా, ఉండు. అయిపోవచ్చింది. ఇంకొక్క నిమిషం" అంది మెల్లగా.

తలుపు తెరుచుకుంది. బూడిద రంగు కుక్క, మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. ఒక చెవి నిలబడి ఉంది, ఒకటి వాలిపోయి ఉంది. అది బయటికి ఉరకలేదు, ఎవరినీ కరవలేదు. వాళ్ళ ముఖాలు చూసి, వెనక్కి తిరిగి, రండి అన్నట్టు లోపలికి నడిచింది. వంటగదిలో డ్రైవరు గారు ఒక పక్కకు పడి ఉన్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి, మాట లేదు, కుడివైపు కదలిక లేదు. చొక్కా వీపంతా బూడిద రంగు వెంట్రుకలు. అంత చలిలోనూ కుక్క ఆ వీపుకు ఆనుకునే గడిపిందని చూడగానే తెలిసిపోయింది.

అంబులెన్సు వచ్చింది. స్ట్రెచరు దిగుతుంటే కుక్క మెట్ల దాకా వెంట వెళ్ళింది. ఎవరో దాన్ని ఆపారు. ఆగిపోయింది. తాళాలమ్మాయి పని అయిపోయింది, సంచి సర్దుకుని వెళ్ళిపోవచ్చు. కానీ కుక్కను పట్టుకెళ్ళేవాళ్ళు వచ్చేదాకా ఎవరో ఒకరు ఉండాలి కదా అని మెట్టు మీద కూర్చుంది. కాసేపటికి అది వచ్చి ఆమె మోకాలి మీద తల పెట్టింది. ఊరికే ఆనించడం కాదు, మోయలేని బరువేదో దించుకున్నట్టు తలంతా ఆమెకు అప్పజెప్పేసింది. ఆమె చెయ్యి దాని మెడ మీద పడింది, అక్కడే ఉండిపోయింది.

దిక్కులేని జంతువుల్ని ఉంచే షెల్టర్ వ్యాను వచ్చి దాన్ని తీసుకెళ్ళింది. వెనక అద్దంలోంచి ఒక నిలబడ్డ చెవి, ఒక వాలిన చెవి కనబడ్డాయి, మలుపు తిరిగాక అవీ లేవు. ఆ రోజు ఆమె కోసిన తాళంచెవుల్లో సగం పనికిరాలేదు.

"అక్కా, ఆ కుక్కని మనం తెచ్చుకుందామా" అంది సాయంత్రం, చాలా మామూలు విషయంలా.

అక్క కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఏ కుక్కని?"

"పొద్దున్న చెప్పాను కదా."

"చెప్పావు. తెచ్చుకుందామని చెప్పలేదు. మెట్ల మీద నువ్వూ నేనూ ఎదురుపడితేనే ఒకళ్ళు వెనక్కి దిగాలి. మధ్యలో అదొకటా?"

"పెద్దది కాదక్కా."

"చిన్నదైతే మాత్రం, అది తినదా, అరవదా, బొచ్చు రాల్చదా? ఇంతకాలం లేని బుద్ధి ఇప్పుడెక్కడ పుట్టిందే నీకు?"

 మోకాలి మీద ఆ బరువు ఇంకా ఉందని చెబితే అక్క నవ్వుతుంది. ఊరుకుంది. ఆమె ఊరుకుందంటే ఒప్పుకున్నట్టు కాదని అక్కకు తెలుసు.

షెల్టర్ ఊరి చివర, బస్సు ఆఖరి స్టాపు దాటి కాస్త నడవాలి. రేకుల షెడ్డు, వరసగా జాలీ గదులు, ముందు చిన్న ఆఫీసు. దాన్ని చూసుకునే ఆవిడ స్వెట్టరు మీద అన్ని రంగుల వెంట్రుకలూ ఉన్నాయి. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒక చేత్తో కుక్కపిల్లకు సీసా పట్టిస్తూ, తల ఊపి కూర్చోమంది.

"బూడిద రంగుదా? మంచి కుక్కమ్మా. కానీ ఇప్పుడే ఇవ్వడానికి లేదు. దానికి ఓనరున్నారు. ఆసుపత్రిలో ఉన్నారు."

"ఆయన మాట్లాడలేకపోతున్నారట కదండీ."

"అదే చిక్కు. ఇస్తాననాలి, ఇవ్వననాలి. ఏదీ అనలేని మనిషి కుక్కని మేమెలా ఇచ్చేస్తాం?"

"ఎంతకాలం పట్టొచ్చండీ?"

ఆవిడ నవ్వింది. రోజూ వినే ప్రశ్న. "అది కుక్కని బట్టి ఉంటుంది, తీసుకునేవాళ్ళని బట్టి ఉంటుంది, మా తీరికని బట్టి ఉంటుంది. కొందరు వారంలో తీసుకెళ్తారు. కొందరికి ఏడాది పడుతుంది. ముందు మీ ఇంట్లోవాళ్ళందరూ వచ్చి కుక్కని కలవాలి. మేమొచ్చి ఇల్లు చూడాలి. ఇల్లు అద్దెదైతే ఇంటాయన ఒప్పుకోవాలి. టీకాలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషను ఉంటాయి. ఇవన్నీ అయ్యేలోపు ఆ పెద్దాయన సంగతి తేలితే సరే. తేలకపోతే ఆగాలి. ఆగగలరా?"

"ఆగుతానండీ" అంది తాళాలమ్మాయి. ఆగడమంటే ఏమిటో ఆమెకు అప్పటికి తెలియదు.

దుకాణం మూసే ఆదివారాల్లో షెల్టర్‌కి వెళ్ళడం మొదలుపెట్టింది. కుక్కను వెనక పెరట్లో తిప్పనిచ్చేవాళ్ళు. జాలీ దగ్గరికి రాగానే అది లేచి నిలబడేది, తోక రెండుసార్లు ఊపేది, పక్కన బుద్ధిగా నడిచేది. దాని అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు. కింది వాటా ఆవిడ కూడా ఎప్పుడూ వినలేదు. తెలిసిన ఒక్క మనిషికి నోరు పడిపోయింది. షెల్టర్‌వాళ్ళు రంగును బట్టి బూడిదమ్మ అని రాసుకున్నారు. ఆ పేరుతో పిలిస్తే అది మర్యాదకు చూసేది, అంతే.

వారమంతా ఆదివారం కోసమే గడిచేది. తాళంచెవి బిగించి మిషను తిప్పుతూ, పెరట్లో అది ఏ మూల ఆగింది, ఏ ఆకును వాసన చూసింది నెమరేసుకునేది. ఎవరైనా కుక్కతో వీధిలో పోతుంటే చేతిలో పని ఆపి, కనుమరుగయ్యేదాకా చూసేది. ఒకరోజు బజారుకు వెళ్ళి మెడపట్టీ, తాడు, తిండి గిన్నె, మెత్తటి పరుపు తెచ్చి మెట్ల కింద పెట్టింది.

"ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం" అంది అక్క వాటిని చూసి.

"పేరు కూడా లేదక్కా దానికి, అదే నా బాధ" అంది ఈమె. అక్కకు నవ్వు ఆగలేదు. నవ్వాక కోపంగా ఉండటం కష్టం. తరవాతి ఆదివారం తానూ వస్తానంది, చూసి వద్దని చెప్పడానికే అని ముందే హెచ్చరించింది.

షెల్టర్ ఆఫీసులో అక్క కుర్చీ అంచున, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చుంది. కుక్క వచ్చింది. దూకలేదు, నాకలేదు. సంచిని వాసన చూసి, ఆవిడ చెప్పుల పక్కన కూర్చుని తలుపువైపు తిరిగింది. 

"అల్లరిది కాదు" అంది అక్క చివరికి, ఎవరో బలవంతంగా చెప్పించినట్టు. తిరుగు బస్సులో కిటికీలోంచి చూస్తూ, "అదెందుకే అస్తమానం తలుపుకేసే చూస్తుంది" అని అడిగింది. 

షెల్టర్ ఆవిడ ఇల్లు చూడటానికి వచ్చింది. మెట్లు ఎక్కి దిగింది, కిటికీల గడియలు లాగి చూసింది, దుకాణంలో వంగి వేలితో నేల తడిమింది. "ఈ ఇత్తడి పొడి పాదాల్లో గుచ్చుకుంటుందమ్మా. ఇటు రాకుండా ఏదైనా అడ్డం పెట్టండి" అంది. తాళాలమ్మాయి ఆ వారమే మెట్లకూ దుకాణానికీ మధ్య నడుమెత్తు తలుపు తానే చేయించి, తానే బిగించింది. ఇంటాయన ముందు గునిశాడు, అక్క వెళ్ళి ఏం మాట్లాడిందో, ఒప్పుకున్నాడు. ఆయన కొడుకు అక్క దగ్గరే చదివాడు మరి.

అన్నీ అయ్యాయి. ఒక్కటే మిగిలింది. తాళాలమ్మాయి రెండు రోజులకోసారి షెల్టర్‌కి ఫోను చేసేది.

"డ్రైవరు గారు ఎలా ఉన్నారండీ?"

"అలాగే ఉన్నారమ్మా. మార్పు లేదు."

ఒకరోజు ఆ జవాబు విని ఫోను పెట్టేశాక, లోపల ఏదో తేలికపడటం ఆమెకే తెలిసింది. ఊపిరి పీల్చుకున్నట్టు. ఎందుకని వెతుక్కుంది. నేల మీద పడి ఉన్న మనిషిని తన కళ్ళతో చూసింది. ఆ మనిషి లేవకపోతే బాగుండునని అనుకోవడం తన మనసు ఎప్పుడు మొదలుపెట్టిందో ఆమెకు తెలియదు. మిషను ఆపి, షట్టరు సగం దించి చాలాసేపు కూర్చుంది. ఆ తరవాత ఆయన గురించి అడగడం మానేసింది. అడగకపోతే పోతుందనుకుంది. పోలేదు.

చలి తగ్గి, చెట్లకు కొత్త ఆకులు వస్తున్న రోజుల్లో షెల్టర్ నుంచే ఫోను వచ్చింది. డ్రైవరు గారికి అక్క కొడుకు ఒకడున్నాడట, దూరాన ఉంటాడు. మామయ్యను ఆసుపత్రి నుంచి వేరే చోటికి, మెల్లగా కోలుకునేవాళ్ళను ఉంచే చోటికి మార్చి, ఇల్లు సర్దుతూ కుక్క సంగతి అడిగాడట. ఆయనకింక మాట రాదు, మనుషుల్ని కూడా సరిగా గుర్తుపట్టడం లేదు, ఎవరికైనా ఇచ్చేయండని సంతకం పెట్టేశాడు.

"రేపు వచ్చి తీసుకెళ్ళండి" అంది షెల్టర్ ఆవిడ.

దాన్ని తెచ్చిన రోజు ఆమెకు కాళ్ళు నేల మీద ఆనలేదు. బస్సులో అది ఆమె పాదాల మీద కూర్చుంది. కండక్టరు తప్పుకుపోతూ ఏం పేరమ్మా అని అడిగితే, ఇంకా అనుకోలేదండీ అంది. ఇంటికి వచ్చాక అది రెండు గదులూ మూలమూలా వాసన చూసింది. అక్క మంచం కిందికి వెళ్ళి వచ్చింది. ఇచ్చింది తిన్నది, నీళ్ళు తాగింది. తరవాత మెట్లు దిగి, నడుమెత్తు తలుపు దగ్గర, వీధివైపు ముఖం పెట్టి కూర్చుంది.

రోజులు గడిచాయి, దాని చోటు మారలేదు. చెప్పిన మాట వినేది. రాత్రి పరుపు మీదే పడుకునేది. ఇల్లు పాడు చేయలేదు, అరవలేదు. కానీ బంధువుల ఇంట్లో నాలుగు రోజులుండి పోవడానికి వచ్చిన మనిషిలా, ఎంత ఒదిగి ఉండాలో అంత ఒదిగి ఉండేది. వీధిలో బస్సు పోయినప్పుడల్లా నిలబడ్డ చెవి ఇంకా నిక్కేది, బస్సు ఆగకుండా పోయాక మెల్లగా దిగేది.

అక్క పేర్ల పని మీద పడింది. బళ్ళో హాజరు పిలిచినట్టు, అ నుంచి మొదలుపెట్టి సాయంత్రానికి కొన్ని పేర్లు పిలిచి చూసేది. పిలిచినప్పుడల్లా కుక్క తల తిప్పి ఓపిగ్గా వినేది, తనది కాదని తేలాక మళ్ళీ వీధికేసి తిరిగేది.

"ఇది ఏడ్చినా బాగుండేదే" అంది అక్క ఒక సాయంత్రం పుస్తకాలు దిద్దుతూ. "ఏడవదు. అదే చూడలేకుండా ఉన్నాను."

తాళాలమ్మాయికి ఆ చూపు తెలుసు. చలికాలమంతా తను అలాగే చూసింది. కోరుకున్నది చేతికొచ్చింది, ఎదురుగా కూర్చుంది, చెయ్యి చాపితే అందుతుంది. అయినా షెల్టర్ పెరట్లో తాడు పట్టుకు నడిచిన ఆదివారాల కన్నా ఇప్పుడే అది దూరంగా ఉన్నట్టుంది.

కుక్క పేరు కనుక్కుని వస్తానని డ్రైవరు గారి దగ్గరికి వెళ్ళింది, అక్కతో అలాగే చెప్పింది, తనకూ అలాగే చెప్పుకుంది.

కోలుకునేవాళ్ళను ఉంచే చోటు తెల్లటి పొడుగాటి భవనం. వరండాలో చక్రాల కుర్చీలు. నర్సు ఆమెను కిటికీ పక్క మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. డ్రైవరు గారు చాలా చిక్కిపోయారు. పలకరిస్తే కళ్ళు తిప్పి చూశారు గానీ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి ఆమెను ఆయన చూసిందెప్పుడు? ఆయన ఎడమచెయ్యి మంచం అంచు దాటి కిందికి వేలాడుతోంది. నర్సు దాన్ని ఎత్తి దుప్పటి మీద పెట్టింది.

"ఎన్నిసార్లు పైన పెట్టినా ఆ చెయ్యి అలాగే జారుస్తారండీ. ఏం కావాలో తెలియడం లేదు. మంచినీళ్ళు కావు, పుస్తకం కాదు, అన్నీ అడిగి చూశాం" అంది దిగులుగా. అని పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.

చెయ్యి మళ్ళీ దిగింది. మోకాలెత్తున గాల్లో ఆగింది. వేళ్ళు మెల్లగా, అలవాటుగా కదులుతున్నాయి, చెవి వెనక గీరుతున్నట్టు. అక్కడ ఏమీ లేదు. తాళాలమ్మాయి కుర్చీలోంచి దిగి నేల మీద కూర్చుని, ఆ చెయ్యి పట్టుకుంది.

"మీ కుక్క నా దగ్గరుందండీ" అంది. "బాగుంది. బాగా తింటోంది. ఆ రోజు మీ తలుపు తీసింది నేనే."

ఆయన వేళ్ళు ఆమె చేతిని గట్టిగా పట్టుకున్నాయి, అంత చిక్కిన మనిషికి ఆ బలం ఎక్కడ దాగుందో. కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి. నోరు తెరిచారు, ఏదో శబ్దం వచ్చింది, మాట కాలేదు. ఆమె పేరు అడగలేదు. అడిగితే ఆయన చెప్పాలని చూస్తారు, చెప్పలేకపోతారు, అది చూసి తట్టుకోలేననుకుంది.

ఇంటికి వచ్చి అంతా చెప్పింది. అక్క ఎర్రసిరా పెన్నుతో పుస్తకాలు దిద్దుతూనే వింది.

"ఇప్పుడేం చేస్తావ్?"

"తీసుకెళ్ళి చూపిస్తాను. పెరట్లోకి తీసుకురావచ్చన్నారు."

"చూపిస్తే అది ఇంక మనది కాదు."

"తెలుసు."

"తెలిసీ తీసుకెళ్తావా?" అక్క గొంతు లేచింది. "చలికాలమంతా కాళ్ళరిగేలా తిరిగావు. తలుపులు బిగించావు. ఇంటాయన్ని నేను బతిమాలాను. నన్ను ఒప్పించి, దాన్ని నా మంచం కిందికి తెచ్చి, ఇప్పుడు ఇచ్చేస్తానంటావా? మొదట వద్దన్నది నేనేనే. అప్పుడు విన్నావు కాదు."

"అక్కా, ఆయన లేవకూడదని కోరుకున్నాను నేను" అంది తాళాలమ్మాయి. "ఫోను చేసిన ప్రతిసారీ. నీకు చెప్పలేదు."

అక్క చేతిలో పెన్ను ఆగిపోయింది.  అక్క లేచి వెళ్ళి, నడుమెత్తు తలుపు దగ్గర కూర్చున్న కుక్క పక్కన, మెట్టు మీద కూర్చుంది. "ఎప్పుడు వెళ్దాం?" అంది వీధికేసి చూస్తూ.

ఆ ఆదివారం పెరట్లో ఎండ బాగా ఉంది. డ్రైవరు గారిని చక్రాల కుర్చీలో తెచ్చి చెట్టు కింద ఉంచారు. గేటు దగ్గర కుక్క ఆగింది. ముక్కు పైకెత్తింది. ఒళ్ళంతా ఒక్కసారి వణికింది. ఆయన దూరం నుంచి నోరు తెరిచి పిలిచారు. ఆ పేరు బ తో మొదలవుతుందో మ తో మొదలవుతుందో కూడా తాళాలమ్మాయికి తెలియలేదు. సగం విరిగిన శబ్దం, చివర లేదు. పక్కనున్న నర్సుకూ తెలియలేదు. కుక్కకు తెలిసింది.

తాడు ఆమె చేతిలోంచి ఎప్పుడు జారిందో ఆమెకు గుర్తులేదు. అంతకాలం కిక్కురుమనని కుక్క, పెరడు దద్దరిల్లేలా ఏడుస్తూ పరుగెత్తి, ఆయన ఒళ్ళో ముందుకాళ్ళు పెట్టి, ఆయన ముఖం, మెడ, పనిచేయని చెయ్యి, పనిచేసే చెయ్యి అన్నీ నాకింది. ఆయన ఆ శబ్దాన్నే మళ్ళీ మళ్ళీ అన్నారు. అక్క చేతిసంచిలో రుమాలు వెతుక్కుంటూ పక్కకు తిరిగింది. తాళాలమ్మాయి అక్కడే నిలబడి చూసింది. ఇన్నాళ్ళూ అది తనవైపు చూస్తే ఎలా ఉంటుందోనని ఊహించుకున్న చూపు అదే. ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం తీసుకెళ్ళేది. ఎండలు ముదిరి తగ్గాయి, వానలు వచ్చాయి. డ్రైవరు గారికి మాటలు ఒకటీ అరా వచ్చాయి, కర్ర సాయంతో నాలుగు అడుగులు పడ్డాయి. అది కుక్క వల్ల కాదు, వైద్యం వల్ల, రోజూ విసుగు లేకుండా నడిపించినవాళ్ళ వల్ల అని ఆయన్ని చూసే డాక్టరు అంది. ఏమైతేనేం, శీతగాలి మళ్ళీ మొదలయ్యేసరికి ఆయన్ని ఇంటికి పంపేందుకు ఒప్పుకున్నారు. మేనల్లుడు వచ్చి, మెట్లెక్కే పని లేకుండా వేరే ఇంటి కింది అంతస్తులో గది చూశాడు, ఉదయం సాయంత్రం వచ్చి చూసుకునే మనిషిని పెట్టాడు. మామయ్యకు అన్నీ తెలుస్తున్నాయని తాను ముందే కనిపెట్టలేకపోయానని తాళాలమ్మాయితో తలొంచుకుని చెప్పాడు.

కుక్కను ఆయనకే తిరిగి ఇచ్చేస్తానని షెల్టర్ ఆవిడకు ఫోను చేస్తే, "కాగితాలు మీ పేరున ఉన్నాయమ్మా. ఇవ్వకపోయినా మిమ్మల్ని తప్పుపట్టేవాళ్ళు లేరు" అంది.

"లేరండీ. అందుకే నా మనసు మారకముందే మీకు చెబుతున్నాను" అంది తాళాలమ్మాయి.

ఆమే స్వయంగా అప్పజెప్పింది. గిన్నె, మందులు, ఏ పూట ఎంత పెట్టాలో అన్నీ చెప్పి, తాడు ఆయన చేతిలో పెట్టింది. డ్రైవరు గారు కాసేపు తాడును చూసి, దాన్ని మళ్ళీ ఆమెవైపు తోశారు. "నీ... ది" అన్నారు కష్టంగా. మాటలో మొహమాటం లేదు, నిజంగానే ఇస్తున్నారు. కుక్క ఆయన కాలికి ఆనుకుని, కళ్ళు అరమోడ్చి కూర్చుని ఉంది. తీసుకుంటే వస్తుంది కూడా, బుద్ధిగా, ఎప్పటిలా. ఒక్క క్షణం ఆమె చెయ్యి ముందుకు వెళ్ళింది. తరవాత తాడు తీసుకుని తలుపు పక్కన మేకుకు తగిలించింది.

"కాదండీ. అది ఇంటికొచ్చేసింది" అంది.

బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే వీధి చాలా పొడుగనిపించింది. వచ్చేసరికి అక్క మెట్ల కింద పరుపు దులిపి మళ్ళీ అక్కడే వేసింది. తీసేద్దామని ఈమె అంటే, "ఉండనీ, నీకేం అడ్డం" అని కసిరింది. రాత్రి భోజనం దగ్గర ఇద్దరూ కుక్క మాట ఎత్తలేదు. తింటూ తింటూ తాళాలమ్మాయికి ఏడుపు వచ్చింది, అక్క చూడనట్టు కూర వడ్డించింది.

వారానికోసారి వెళ్ళి చూసి వస్తుంది. వెళ్ళగానే కుక్క ఎగిరి ఎదురొస్తుంది, తోక రెండుసార్లు కాదు, ఆగకుండా ఊపుతుంది, ఆమె అరచేతులు నాకుతుంది. ఆ ఇంట్లో దాన్ని చూస్తే అది అల్లరిది అని తెలిసింది. చెప్పులు ఎత్తుకుపోతుంది, మొరుగుతుంది, బొచ్చు రాల్చుకుంటూ తిరుగుతుంది. ఆమె దగ్గర ఒక్కనాడూ చేయలేదవి. కాసేపు ఆడి, వెళ్ళి డ్రైవరు గారి చెయ్యి కింద కూర్చుంటుంది. బయటికొచ్చి బస్సెక్కాక తాళాలమ్మాయి తన మోకాలిని తానే అరచేత్తో కప్పుకుని కూర్చుంటుంది. మనసు కుదుటపడిందా అని ఎవరైనా అడిగితే ఆమె అవునని చెప్పలేదు. చేసిన పని తప్పా అంటే, అదీ కాదు.

షెల్టర్ ఆవిడ రెండుసార్లు ఫోను చేసింది. "మీ ఇల్లు చూసేశాం కదమ్మా, ఈసారి అంత ఆలస్యం కాదు. వచ్చి చూడండి." కొన్నాళ్ళాగుతానంది తాళాలమ్మాయి.

ఆగలేనిది అక్కకే. పిల్లలకు ఆదివారం క్లాసులని చెప్పి పొద్దున్నే బయల్దేరేది, మధ్యాహ్నం స్వెట్టరు మీద నల్ల వెంట్రుకలతో వచ్చేది. లెక్కల క్లాసులో వెంట్రుకలేమిటని తాళాలమ్మాయి మొదట అడగలేదు. ఒక సోమవారం అడిగింది.

అక్క కళ్ళజోడు తుడుచుకుంది. "ఒక నల్లది ఉందే. ముసలిది. కాలు విరిగి దొరికిందట, కట్టు ఇంకా విప్పలేదు. ఎవరూ రాలేదు దాని కోసం, వస్తారని అదీ అనుకోవడం లేదు. మూల చూసుకుంటూ పడుకుంటుంది. నేను పక్కన కూర్చుని పుస్తకాలు దిద్దుకుంటాను. నిన్న నా సంచి మీద మూతి పెట్టింది."

"ఎప్పుడిస్తారట?"

"కాలు నయమవ్వాలి, గుండె కూడా పరీక్ష చేయాలన్నారు. చెప్పలేమన్నారు." అక్క కళ్ళజోడు పెట్టుకుని, "నువ్వొద్దంటే వద్దులే" అంది. ఆ గొంతులో వద్దనకే అన్న భయం చెల్లెలికి స్పష్టంగా వినిపించింది. అక్క దేనికైనా అలా భయపడటం ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వినలేదు.

తాళాలమ్మాయి చేతిలో ఉన్న తాళంచెవి బల్ల మీద పెట్టింది. "వచ్చే వారం నేనూ వస్తాను" అంది.

ఇద్దరూ కలిసే వెళుతున్నారిప్పుడు. కట్టు విప్పారు గానీ నడక రాలేదు. గుండె పరీక్ష ఇంకొకటి మిగిలింది. నల్లది మూలవైపు నుంచి కాస్త ఇటు తిరిగి పడుకుంటోంది.